పాటల పంతులు – యోహాన్ సెబాస్టియన్ బాఖ్

ఈ ఏటి సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇమ్మని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, ఏ దేశనాయకుణ్ణో, ఏ కవినో ఎన్నుకొంటానని వారు అనుకొని ఉంటారు. నేను ఎన్నుకొన్నది ఒక బడిపంతుల్ని. పిల్లలకు పాటలు నేర్పి, ఆదివారం ఆదివారం గుడిలో పాడించి, జీతం చాలక, పైవాళ్ళతో పడక, చివరికి చూపు పోయి 1750లో కన్నుమూసిన జర్మనీ దేశస్థుడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్. పాశ్చాత్య సంగీతానికి మూలపురుషుల్లో ఒకడుగా ఈనాడు లోకమంతా ఆయన్ని కొలుస్తుంది. చివరిదాకా ఆయన చేసిన ఉద్యోగం మాత్రం ఇదే.

మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు. పత్తి ధర, మిరప ధర తప్ప మూడో మాట అరుదుగా వినిపించే నేల. అటువంటి ఊరివాడికి జర్మనీ ఆర్గన్ వాద్యకారునితో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. మా తాతయ్య గుడిలో ఉపదేశి. హార్మోనియం పెట్టె ముందు కూర్చొని నలభై ఏళ్ళు పాటలు నేర్పాడు. ఆయన తరువాత ఆ పెట్టె నా చేతికి వచ్చింది. జనవరి దాటిందంటే మా వైపు మిరపకోతలు. క్వయిర్‌లో పాడవలసిన వాళ్ళందరూ తెల్లవారకముందే చేలల్లో ఉంటారు. సాయంత్రం ఘాటుకి గొంతులు బొంగురుపోయి వస్తారు, లేకపోతే అసలు రారు. సరిగ్గా ఆ నెలల్లోనే మట్టలాదివారం, మంచి శుక్రవారం, ఈస్టరు పాటలకు సాధన చేయాలి. ఒక ఏడు ఆరుగురు మాత్రమే మిగిలారు. ఆ కోపంలో పెట్టె మూసేసి, ఇక నా వల్ల కాదని ఇంటికి వచ్చేశాను. బాఖ్ జీవితం నా చేతికి వచ్చింది ఆ రోజుల్లోనే.

మా ప్రాంతానికీ ఆయనకూ మరో సంబంధం కూడా ఉంది. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టిన మిషనరీ హయ్యర్ దొరగారు లూథరన్ సంఘం వారు. జర్మనీలో పుట్టి అమెరికా వెళ్ళి, అక్కడి నుంచి మన దగ్గరికి వచ్చారు. బాఖ్ కూడా లూథరన్ సంఘం బిడ్డే. గుడిలో పాట గురువుదే కాదు, జనం అందరిదీ అని పట్టుబట్టిన లూథర్, మామూలు మనుషులు పాడుకొనే భాషలో, పాడుకొనే వరసల్లో కీర్తనలు కట్టించాడు. వాటిని జర్మనీలో కోరల్ అంటారు. దేవుడే మాకు దుర్గమనే భావంతో లూథర్ వ్రాసిన కీర్తన మా గుళ్ళల్లోనూ తెలుగులో పాడతారు. దాని మీద బాఖ్ ఒక పెద్ద గానరచనే చేశాడు. పురుషోత్తమ చౌదరిగారు మన రాగాల్లో కట్టిన కీర్తనలూ, జర్మనీ నుంచి తిరిగి తిరిగి వచ్చిన ఈ వరసలూ ఒకే హార్మోనియం మీద పలకడం చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాణ్ణి నేను.

ఇక కథలోకి వద్దాం.

బాఖ్ 1685 మార్చి 21న ఐసెనాఖ్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తండ్రి ఆంబ్రోసియస్ ఆ ఊరి కొలువులో వాద్యగాడు. తాతలు, పినతండ్రులు, అన్నలు అందరిదీ అదే వృత్తి. మన వైపు సన్నాయి మేళం వారి ఇళ్ళల్లో పిల్లవాడు నడవడంతోపాటే తాళం ఎలా నేరుస్తాడో, ఆ ఇంట్లోనూ అంతే. ఎనిమిది మంది సంతానంలో ఈయన ఆఖరివాడు. 1694లో తల్లి పోయింది. ఏడాది తిరగకుండానే తండ్రీ పోయాడు. పదేళ్ళు నిండని పిల్లవాడు ఓర్డ్రుఫ్ అనే ఊళ్ళో ఆర్గన్ వాయించే పెద్దన్న ఇంటికి చేరాడు. అన్న దగ్గర పెద్ద విద్వాంసుల రచనల పుస్తకం ఒకటి ఉండేదట. ముట్టుకోవద్దని బీరువాలో పెట్టి తాళం వేస్తే, పిల్లవాడు కటకటాల్లోంచి చిన్న చెయ్యి దూర్చి, పుస్తకం చుట్టి బయటికి లాగి, దీపం లేక వెన్నెల రాత్రుల్లో ఆరు నెలలపాటు నకలు వ్రాసుకొన్నాడని చెబుతారు. అన్న పసిగట్టి ఆ నకలు కూడా లాగేసుకొన్నాడు. కథలో అతిశయం ఎంతున్నా, బాఖ్ స్వయంగా నకళ్ళు వ్రాసి నేర్చుకొన్న మాట మాత్రం నిజం.

పదిహేనో ఏట, 1700లో, మూడు వందల కిలోమీటర్ల దూరంలోని ల్యూనెబుర్గ్ బడికి వెళ్ళాడు. కంఠం బాగున్న పేద పిల్లలకు అక్కడ ఉచితంగా భోజనం, చదువు. క్వయిర్‌లో పాడి చదువుకొన్నాడు. గొంతు మారిన తరువాత వాద్యాలతో నెట్టుకొచ్చాడు. విశ్వవిద్యాలయం గడప మాత్రం ఎక్కలేకపోయాడు. ఈ లోటు ముందు ముందు ఆయన్ని వెంటాడింది.

1703లో పద్దెనిమిదో ఏట ఆర్న్‌స్టాట్ అనే ఊళ్ళో ఆర్గన్ వాద్యకారుడిగా ఉద్యోగం దొరికింది. ఆర్గన్ అంటే ఏమిటో మన మిత్రులకు చెప్పాలి. మన హార్మోనియానికి పెద్దన్న అనుకోండి. హార్మోనియంలో ఒక చేత్తో తిత్తి ఊదుతాం, లోపల రేకులు పలుకుతాయి. ఆర్గన్‌లో పలికేవి గొట్టాలు. వందలూ వేలూ ఉంటాయి. వేలెడంతవి ఉంటాయి, తాటిచెట్టంతవీ ఉంటాయి. ఆ రోజుల్లో పెద్ద పెద్ద కొలిమి తిత్తులు వెనకాల మనుషులు తొక్కుతుంటే, ముందు కూర్చొన్నవాడు రెండు మూడు వరసల మెట్లు చేతులతోనూ, కింద మరో వరస కాళ్ళతోనూ వాయించేవాడు. బాఖ్ కాళ్ళతో వాయించిన వేగం చాలామంది చేతులతో కూడా వాయించలేకపోయేవారట. కొత్త ఆర్గన్ పరీక్షించడానికి ఎక్కడికి పిలిచినా ముందుగా అన్ని గొట్టాలూ ఒక్కసారి తెరిచి, దీని ఊపిరితిత్తులు గట్టివా కావా అని చూసేవాడు.

యువకుడు బాఖ్ సాధువేమీ కాదు. కోపం జాస్తి. 1705లో ఆర్న్‌స్టాట్ బడి కుర్రాడొకణ్ణి వాద్యం సరిగా వాయించలేదని ఎగతాళి చేస్తే, ఆ కుర్రాడు నడివీధిలో కర్ర ఎత్తాడు, ఈయన కత్తి దూశాడు. అదే ఏడాది నాలుగు వారాల సెలవు తీసుకొని, బుక్స్‌టెహుడె అనే వృద్ధ విద్వాంసుణ్ణి వినడానికి ల్యూబెక్ నగరానికి దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు నడిచి వెళ్ళాడు. నాలుగు వారాలు కాస్తా నాలుగు నెలలయింది. తిరిగి వచ్చాక పెద్దలు సంజాయిషీ అడిగారు. కీర్తనల మధ్య వింత వింత స్వరాలు దూర్చి జనాన్ని తికమక పెడుతున్నాడని మరో అభియోగం. కుర్రాళ్ళతో కలిసి పాడించడం లేదని ఇంకొకటి. పాటల పంతులు కావలసినవాడు మొదట్లో ఆ పనినే తప్పించుకొని తిరిగాడు.

1707లో మ్యూల్‌హౌజెన్‌లో ఉద్యోగం, మరియా బార్బరాతో వివాహం. 1708లో వైమార్ సంస్థానంలో ఆర్గన్ వాద్యకారుడు. ఆర్గన్ కోసం ఆయన వ్రాసిన గొప్ప రచనల్లో చాలా భాగం అక్కడివే. 1714 నుంచి నెలకొక గానరచన గుడికోసం చేయవలసి వచ్చింది. సంస్థానంలో పెద్ద పదవి ఖాళీ అయితే తనకివ్వలేదు. వేరే కొలువుకు వెళతానని గట్టిగా అడిగినందుకు 1717 నవంబరు 6 నుంచి డిసెంబరు 2 వరకు ప్రభువు ఆయన్ని ఖైదులో పెట్టించాడు. తరువాత చేరిన క్యోటెన్ సంస్థానంలో లియోపోల్డ్ ప్రభువు సంగీత ప్రియుడు. సుఖంగా ఉన్న రోజులవి. కాని 1720 వేసవిలో ప్రభువు వెంట ఊరు వెళ్ళి తిరిగివచ్చేసరికి భార్య చనిపోయి, ఖననం కూడా అయిపోయింది. నలుగురు పిల్లలు. మరుసటి ఏడాది చివర ఆన్నా మాగ్దలేనా అనే యువగాయనిని పెళ్ళాడాడు. ఇద్దరు భార్యలకూ కలిపి పుట్టినది ఇరవై మంది. పెరిగి పెద్దవాళ్ళయినది పదిమందే.

1723లో లైప్‌జిగ్ నగరంలో సెయింట్ తోమస్ బడికి కాంటర్, అంటే పాటల పంతులు, కావలసి వచ్చింది. 1212లో పెట్టిన ప్రాచీనమైన బడి అది. నగరసభ మొదట అడిగింది టెలెమాన్‌ని. ఆయన రానన్నాడు. తరువాత గ్రౌప్నర్‌ని అడిగితే ఆయన ప్రభువు వదలలేదు. ఆఖరికి, పై రకం దొరక్కపోతే ఉన్నవాడితో సరిపెట్టుకొన్నట్టు, బాఖ్‌ని తీసుకొన్నారు. అప్పటికి ఆయనకు ముప్పైఎనిమిదేళ్ళు. సంస్థాన విద్వాంసుడుగా ఉన్నవాడు బడిపంతులుగా దిగడమంటే హోదా తగ్గడమే. అయినా చేరాడు. పిల్లల్ని విశ్వవిద్యాలయంలో చదివించుకోవచ్చునన్న ఆశ ఒక కారణం. తాను ఎక్కలేని గడప కొడుకులు ఎక్కాలి గదా!

లైప్‌జిగ్‌లో ఆయన పని ఆర్గన్ వాయించడం కాదు. దానికి వేరే ఉద్యోగులున్నారు. యాభై పైచిలుకు హాస్టలు పిల్లలకు పాట నేర్పి, నగరంలోని నాలుగు గుళ్ళకు క్వయిర్లు పంచి పంపాలి. పెద్ద గుళ్ళు రెండింటిలో ఆదివారం ఆదివారం కంటాటా నడిపించాలి. కంటాటా అంటే ఆ రోజు చదివే వాక్యభాగానికి తగినట్టు గాయకులూ వాద్యగాళ్ళూ కలిసి చేసే గానం. సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. ఆరాధన పొద్దున ఏడింటికి మొదలైతే మూడు నాలుగు గంటలు సాగేది. మొదటి సంవత్సరాల్లో బాఖ్ దాదాపు ప్రతివారం ఒక కొత్త కంటాటా వ్రాశాడు. వారం మొదట్లో రచన. తరువాత భార్య, కొడుకులు, శిష్యులు బల్ల చుట్టూ కూర్చొని ఎవరి వంతు స్వరాలు వారికి విడివిడిగా ఎత్తి వ్రాయడం. వారాంతంలో ఒక సాధన. ఆదివారం గానం. సోమవారం మళ్ళీ ఖాళీ కాగితం. ఇలా వ్రాసినవాటిలో సుమారు రెండు వందలు మనకు మిగిలాయి. ఆ కాగితాల మొదట యేసు సహాయాన్ని కోరుతూ రెండు అక్షరాలు, చివర మహిమ దేవునికే అనే అర్థం వచ్చే మూడు అక్షరాలు వేసుకొనేవాడు. అవి ఎవరికీ చూపించడానికి వేసుకొన్నవి కావు.

ఆయన సంగీతంలో విశేషమేమిటని అడిగితే నేను కోలాటం చూపిస్తాను. జడకోపు వేసేటప్పుడు పైనుంచి వేలాడే తాళ్ళు తలా ఒకటి పట్టుకొని, ఎవరి అడుగు వారు వేస్తూ, ఒకరి కిందనుంచి ఒకరు దూరి తిరుగుతారు. ఏ ఒక్కరి నడకా మరొకరి నడక కాదు. కాని పైన జడ ఒక్కటే అల్లుకొంటుంది. మన కీర్తనలో ఒకే రాగధార నడుస్తుంది. బాఖ్ పాటలో నాలుగు గొంతులు నాలుగు దారుల్లో నడిచి ఒకే జడ అల్లుతాయి. ఒక్కరు అడుగు తప్పినా జడ చిక్కుపడుతుంది. అందుకే ఆయనకు మంచి పిల్లలు కావాలి. అదే దొరకలేదు.

1730 ఆగస్టు 23న ఆయన నగరసభకు ఒక అర్జీ పెట్టాడు. నన్ను నిలబెట్టిన కాగితం ఇది. ఒక్కొక్క క్వయిర్‌కు కనీసం పన్నెండు మంది, వీలైతే పదహారు మంది ఉండాలని లెక్క చెప్పాడు. వాద్యగాళ్ళు ఎందరు కావాలో, ఎందరున్నారో, ఉన్నవారిలో ఎందరు పనికొస్తారో వివరించాడు. బడిలో ఉన్న పిల్లల్ని మూడు వరసలుగా విడదీశాడు: పనికొచ్చేవారు 17 మంది, ఇంకా నేర్చుకోవలసినవారు 20 మంది, ఎన్నటికీ పనికిరానివారు 17 మంది. సంగీతం రాని పిల్లల్ని బడిలో చేర్చుకొంటున్నారని దాని సారాంశం. సభవారేం చేశారు? అదే నెలలో వారు ఈయన పని చేయడం లేదని, బాగుపడే మనిషి కాదని అనుకొని, ఆదాయం తగ్గించే ఆలోచనలో ఉన్నారు. పట్టుమని ఒక్క పిల్లవాణ్ణి ఎక్కువ ఇవ్వలేదు.

ఆ అక్టోబరులో చిన్ననాటి మిత్రుడు ఎర్డ్‌మాన్‌కు, వేరే ఊళ్ళో ఉద్యోగం ఏదైనా చూసిపెట్టమని ఉత్తరం వ్రాశాడు. అందులో ఒక సంగతి చదివితే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. తన రాబడి ఏడాదికి సుమారు 700 థాలర్లు. అందులో చాలా భాగం పెళ్ళిళ్ళకూ చావులకూ పాడించినందుకు వచ్చే రుసుము. గాలి ఆరోగ్యంగా ఉంటే చావులు తగ్గుతాయి, రాబడీ తగ్గుతుంది. కిందటి ఏడాది అలా వంద థాలర్లకు పైగా పోయిందని లెక్క చెప్పాడు. లోకం కొలిచే సంగీతకర్త చావుల లెక్క చూసుకొని ఇల్లు గడుపుకొన్నాడు.

విద్యార్థి మిత్రులకు ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. బడిలో దొరకని చేయూత ఆయనకు విశ్వవిద్యాలయ విద్యార్థుల దగ్గర దొరికింది. 1702లో టెలెమాన్ అక్కడ న్యాయశాస్త్రం చదువుతూ పెట్టిన విద్యార్థి సంగీత సంఘానికి 1729 నుంచి బాఖ్ నాయకుడయ్యాడు. చలికాలం శుక్రవారం రాత్రులు త్సిమ్మెర్‌మాన్ కాఫీ హోటల్లో, వేసవిలో బుధవారం సాయంత్రాలు తోటలో వారి కచేరీలు. ఆ కుర్రాళ్ళే గుడిలో వాద్యాలు పట్టుకొని ఆయన్ని ఆదుకొనేవారు. డిగ్రీ లేని గురువు, డిగ్రీకి చదువుతున్న శిష్యులు!

ఇంత పేచీలోనూ ఆదివారం మాత్రం ఆగలేదు. 1724 మంచి శుక్రవారానికి యోహాను సువార్త ప్రకారం శ్రమల గానం, 1727లో మత్తయి సువార్త ప్రకారం శ్రమల గానం పాడించాడు. రెండోదానికి రెండు క్వయిర్లు, రెండు వాద్యబృందాలు కావాలి. పనికొచ్చేవారు పదిహేడు మందేనని లెక్క వేసే పరిస్థితిలో అంత పెద్ద రచన చేయడానికి ఎంత ధైర్యం కావాలి! లేనివారిని తలచుకొని పాట తగ్గించలేదు. ఉన్నవారి కోసం వ్రాశాడు, ఉన్నవారిని అక్కడికి ఎక్కించాడు. 1736లో క్వయిర్ నాయకుణ్ణి ఎవరు నియమించాలన్న దానిపై బడి రెక్టరు ఎర్నెస్టితో రెండేళ్ళు కొట్లాడాడు. పిల్లల ముందే ఆ తగాదా నడిచింది. ఆయన్నీ మెచ్చుకోలేం.

ఇక్కడ మన తెలుగువారికి ఒక ముచ్చట. లైప్‌జిగ్‌కు ముప్పై నలభై కిలోమీటర్లలో హాలె పట్టణం ఉంది. 1746లో బాఖ్ పెద్దకొడుకు ఫ్రీడెమాన్ అక్కడి గుడిలో ఆర్గన్ వాద్యకారుడిగా చేరాడు. సరిగ్గా ఆ ఏడాదే, ఆ ఊళ్ళోనే, మద్రాసులో పనిచేసి తిరిగి వెళ్ళిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగు అక్షరాలతో పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు అవేనంటారు. ఒకరి సంగతి ఒకరికి తెలుసునో లేదో గాని, బాఖ్ కొడుకు వాయిస్తున్న ఊళ్ళో మన అక్షరాలు సీసంలో పోత పోసుకొన్నాయి.

1747 మే నెలలో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ పిలిస్తే బాఖ్ పోట్స్‌డామ్ వెళ్ళాడు. రాజు ఇచ్చిన వరసను అప్పటికప్పుడు అల్లి వాయించి సభను ఆశ్చర్యపరిచాడు. కాని చూపు మందగిస్తోంది. 1749లో, ఆయన బ్రతికి ఉండగానే, ఆ ఉద్యోగానికి మరొకరిని పిలిపించి పరీక్ష చేశారు నగరసభవారు. 1750లో టేలర్ అనే ఇంగ్లీషు వైద్యుడు కంటికి రెండుసార్లు శస్త్రచికిత్స చేశాడు. చూపు పూర్తిగా పోయింది, ఆరోగ్యం చెడింది. జూలై 28న మరణించాడు. సమాధి మీద రాయి కూడా లేదు. తరువాతి పంతుల్ని ఎన్నుకొనేటప్పుడు, మాకు బడిపంతులు కావాలి గాని సంస్థాన విద్వాంసుడు కాదని సభలో అనుకొన్నారు. ఎత్తి వ్రాసి ఎత్తి వ్రాసి ఆయన అక్షరంలాగే తన అక్షరం మార్చుకొన్న ఆన్నా మాగ్దలేనా, పదేళ్ళ తరువాత 1760లో, ధర్మం మీద బ్రతికే విధవరాలుగా పోయింది. వ్రాతప్రతులు కొడుకులు పంచుకొన్నారు. ఎమాన్యుయేల్ వాటా భద్రంగా ఉంది. ఫ్రీడెమాన్ వాటాలో చాలా భాగం అమ్ముడుపోయి చెల్లాచెదరయింది.

లోకం మరచిపోయినా తోమస్ బడి పిల్లలు మాత్రం పంతులుగారి పాటలు కొన్ని పాడుతూనే వచ్చారు. 1789లో మోజార్ట్ ఆ ఊరు వెళ్ళినప్పుడు ఆయన పాట ఒకటి ఆ పిల్లల నోటే విని నిర్ఘాంతపోయాడు. 1829 మార్చి 11న ఇరవై ఏళ్ళ మెండెల్‌సన్ బెర్లిన్‌లో మత్తయి శ్రమల గానాన్ని మళ్ళీ పాడించాడు. ఆనాటి నుంచి బాఖ్ పేరు పెరుగుతూనే ఉంది. 1950లో ఆయన అస్థికలు తాను పాడించిన తోమస్ గుడిలోనే చేర్చారు. 1977లో అంతరిక్షంలోకి పంపిన వాయేజర్ నౌకల్లోని బంగారు రికార్డులో ఆయన సంగీతం మూడుచోట్ల ఉంది.

ఈ కీర్తి ఏదీ ఆయన చూడలేదు. చూసిందల్లా వచ్చే ఆదివారం. ఫిర్యాదు చేశాడు, అర్జీలు పెట్టాడు, పోట్లాడాడు. అవన్నీ మనిషి లక్షణాలు. కాని ఆ కోపాన్ని పాట మీద చూపించలేదు. పనికిరాని పిల్లలు పదిహేడు మందీ బడిలో ఉండగానే, పనికొచ్చే పదిహేడు మందితో మరుసటి ఆదివారం పాడించాడు.

నేను పెట్టె మూసి వచ్చిన మూడో వారం మళ్ళీ గుడికి వెళ్ళాను. ఆరుగురే ఉన్నారు. ఒకామె చేతివేళ్ళకు మిరపకాయ మంట తగ్గక కొబ్బరినూనె రాసుకొని కూర్చొంది. సాధన కోతల వేళ తప్పించి రాత్రి తొమ్మిదికి మార్చాను. నాలుగు గొంతులు కుదరలేదు, రెండు గొంతులకు సరిపెట్టాను. మా తాతయ్య నలభై ఏళ్ళూ ఇలాగే సరిపెట్టి ఉంటాడని అప్పుడు తట్టింది. ఆయన ఎన్నడూ చెప్పలేదు, నేను అడగనూ లేదు. ఆ మంచి శుక్రవారం ఆరుగురమే పాడాము. వెనక బెంచీల్లో కూర్చొన్న కోతల వాళ్ళు కొందరు మాతో గొంతు కలిపారు.